మందు వద్దనుకుంటే నాన్న ఎన్నాళ్లుంటారు?

ప్రశ్న: నాన్నకు 64 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేసి మానేశారు. రెండు నెలలుగా అన్నం సయించడం లేదంటే స్కానింగ్ తీయించాం. లివర్ క్యాన్సర్ అన్నారు. కుడివైపు 7 సెం.మీ. కణితి, పోర్టల్ వెయిన్ (లివర్‌కు రక్తం తెచ్చే పెద్ద సిర) కుడి కొమ్మలో గడ్డ ఉన్నాయట. బిలిరుబిన్ 2.4, అల్బుమిన్ 2.9, ఐఎన్ఆర్ 1.5, ఏఎఫ్‌పీ 1200, హెపటైటిస్ బి పాజిటివ్. పొట్టలో కొద్దిగా నీరుంది. బరువు 55 కిలోలు. పొద్దున టీ కొట్టు దాకా నడిచి వెళ్లొస్తారు, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటారు. "ఈ వయసులో హింస ఎందుకు, ఏ మందూ వద్దు" అని అన్నయ్య, బాబాయిలు తేల్చేశారు. నాన్నకు మాత్రం లివర్ వాపు అనే చెప్పాం. వైద్యం చేయించకపోతే ఎన్నాళ్లుంటారు? అది దేన్నిబట్టి చెబుతారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు రాసిన అంకెలన్నీ నిజమైతే, క్యాన్సర్‌కు ఏ వైద్యమూ చేయించకపోతే లెక్క నెలల్లోనే ఉంటుంది, సంవత్సరాల్లో కాదు. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ల మీద జరిగిన అధ్యయనాల్లో మధ్య అంకె సుమారు మూడు నుంచి ఏడు నెలలు. మధ్య అంకె అంటే గడువు అనుకోకండి. వంద మందిని వరసలో నిలబెడితే యాభయ్యో మనిషి దగ్గర పడే గీత అది. సగం మంది అంతకంటే ముందే పోతారు, మిగతా సగం మంది ఆ గీత దాటి బతుకుతారు, వాళ్లలో కొందరు చాలా దూరం వెళతారు. పైగా మీ నాన్నగారి విషయంలో రెండు సంగతులు ఇంకా తేలలేదు. అవి తేలేదాకా ఈ అంకెను పెన్సిల్‌తో రాసుకోండి, పెన్నుతో వద్దు.

ముందు ఈ అంకెలు ఎక్కడివో చెబుతాం. ఇటలీలో క్యాన్సర్‌కు ఏ వైద్యమూ అందని 600 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కణితి చిన్నగా, లివర్ బాగా ఉన్న తొలి దశలో (బీసీఎల్‌సీ అనే దశల పద్ధతిలో 0) మధ్య అంకె 38 నెలలు, ఎ దశలో 25, బి దశలో 10, సి దశలో 7, డి దశలో 6 నెలలు వచ్చాయి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల రికార్డులతో 2017లో వచ్చిన లెక్క ఇంతకంటే కఠినంగా ఉంది: 0, ఎ దశలు కలిపి 13.4 నెలలు, బి 9.5, సి 3.4, డి 1.6. పోర్టల్ వెయిన్‌లోకి కణితి పాకిన రోగి సి దశలోకి వస్తాడు. అందుకే మూడు నుంచి ఏడు అన్నాం.

జబ్బు ఒకటే, దశ ఒకటే, మరి రెండు దేశాల మధ్య ఇంత తేడా ఎందుకు? జబ్బు ఎప్పుడు బయటపడింది, పక్కన ఇంకేం రోగాలున్నాయి, నీరు పట్టడం, రక్తం కక్కుకోవడం లాంటి చిక్కులకు చికిత్స అందిందా లేదా అన్నవి అంకెను అటూ ఇటూ లాగేస్తాయి. సొరాఫెనిబ్ అనే లివర్ క్యాన్సర్ మాత్రను పరీక్షించిన రెండు పెద్ద ట్రయల్స్‌లోనూ ఇదే కనబడుతుంది. ఉత్తుత్తి మాత్ర మీద ఉన్నవాళ్లు ఒకదాంట్లో మధ్య అంకె ప్రకారం 7.9 నెలలు, ఆసియా దేశాల్లో జరిగిన రెండోదాంట్లో 4.2 నెలలు ఉన్నారు. రెండోదాంట్లో చేరేనాటికే ఎక్కువ మందికి జబ్బు లివర్ దాటి పాకింది. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒక అంకె చూసి బెంబేలెత్తవద్దని చెప్పడానికే ఇదంతా.

ఇక దేన్నిబట్టి అంటారా. బార్సిలోనా వైద్యులు 1999లో ఆపరేషన్‌కు వీలుకాని, వైద్యం అందని 102 మంది మీద చేసిన పరిశీలన ఇప్పటికీ దారి చూపిస్తోంది. ఆయువును విడివిడిగా తేల్చేవి నాలుగని వాళ్లు చూపారు: మనిషి ఓపిక, క్యాన్సర్ వల్ల వచ్చే నీరసం–ఆకలి లేకపోవడం–బరువు తగ్గడం, కణితి రక్తనాళంలోకి పాకడం, లివర్ దాటి ఎముకలకో ఊపిరితిత్తులకో వెళ్లడం. ఈ నాలుగింటిలో ఒక్కటీ లేనివాళ్లలో ఏడాదికి 80 శాతం, మూడేళ్లకు 50 శాతం బతికి ఉన్నారు. ఒక్కటున్నా ఏడాదికి 29 శాతం, మూడేళ్లకు 8 శాతం. కణితి సైజు ఈ నాలుగింటిలో లేకపోవడం గమనించండి. ఇళ్లలో అందరూ "ఏడు సెంటీమీటర్లట" అని సైజు చుట్టూనే తిరుగుతారు. డాక్టర్ చూపు మొదట పడేది రక్తనాళం మీద, మనిషి మీద, మిగిలిన లివర్ మీద.

ఆ మిగిలిన లివర్ సంగతి చూద్దాం. ఈ జబ్బులో సాధారణంగా ఒకే ఒంట్లో రెండు రోగాలు నడుస్తుంటాయి, ఒకటి కణితి, రెండోది సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం). చాలామంది కణితి వల్ల కాకుండా లివర్ చేతులెత్తేయడం వల్లే పోతారు. దాన్ని కొలవడానికి చైల్డ్–ప్యూ అనే లెక్కుంది. అయిదు అంశాలకు ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. ఇందులో మార్కులు తక్కువ వస్తేనే మంచిది.

మీ నాన్నగారికి వేద్దాం. బిలిరుబిన్ (పచ్చకామెర్లు తెలిపేది) 2 లోపుంటే 1, 2–3 మధ్య అయితే 2, దాటితే 3. ఆయనది 2.4, కాబట్టి 2. అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్) 3.5 పైన 1, 2.8–3.5 మధ్య 2, అంతకు తగ్గితే 3. ఆయనది 2.9, కాబట్టి 2, అదీ అంచు మీద. ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పేది) 1.7 లోపుంటే 1 మార్కే. పొట్టలో కొద్దిగా నీరుకు 2. మాట, మతి తేడా లేదంటే 1. మొత్తం 8. 5–6 వస్తే ఎ తరగతి, 7–9 బి, 10–15 సి. అంటే మీ నాన్నగారు బి తరగతి నడిమధ్యన ఉన్నారు. ఒక్క బిలిరుబిన్, అల్బుమిన్‌లతోనే వేసే ఆల్బీ అనే కొత్త లెక్క ప్రకారం చూస్తే రెండో గ్రేడు చిట్టచివరి అంచున, మూడోదానికి ఆనుకుని ఉన్నారు. అల్బుమిన్ కాస్త జారినా అవతల పడతారు. ఏ డాక్టరయినా ఆయన విషయంలో కంగారు పడేది ఈ 2.9 చూసే.

ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో తరచూ పెరిగే రక్తపరీక్ష) 1200 చూసి మీరు భయపడి ఉంటారు. 400 దాటితే జబ్బు దూకుడుగా ఉందనే అర్థం, కాదనం. కానీ కొందరికి పెద్ద కణితి ఉన్నా ఏఎఫ్‌పీ మామూలుగానే ఉంటుంది. ఆ ఒక్క అంకెతో రోజులు లెక్కపెట్టలేం. వారం వారం దాన్ని చేయించి డబ్బు తగలేయకండి.

తేలని మొదటి సంగతి ఆ గడ్డ. సిరోసిస్‌లో పోర్టల్ వెయిన్‌లో రక్తం మెల్లగా పారుతుంది కాబట్టి, కణితితో సంబంధం లేకుండా ఊరికే గడ్డకట్టవచ్చు. దాన్ని బ్లాండ్ థ్రాంబస్ అంటారు. కణితే నాళంలోకి పాకితే ట్యూమర్ థ్రాంబస్. రెండూ స్కాన్‌లో "గడ్డ" గానే కనిపిస్తాయి, అర్థం మాత్రం పూర్తిగా వేరు. మొదటిదైతే, జబ్బు లివర్ దాటకుండా, ఓపిక కణితి వల్ల తగ్గకుండా ఉంటే, ఆయన సి దశలో ఉండకపోవచ్చు. సీటీ రిపోర్టు తీసి చదవండి. ట్రిపుల్ ఫేజ్ సీటీ అయి ఉండాలి, అంటే రంగుమందు ఎక్కించి మూడు దఫాలుగా తీసినది. అందులో గడ్డ గురించిన వాక్యంలో "ఎన్‌హాన్సింగ్" అన్న మాట (రంగుమందు పట్టుకుందని అర్థం; ముందు "నాన్" ఉంటే కాదు) ఉందా, నాళం ఉబ్బిందని రాశారా చూడండి. ఉంటే అది కణితి అయ్యే అవకాశమే ఎక్కువ. వట్టి "థ్రాంబోసిస్" అని రాసి వదిలేస్తే, సీడీ పట్టుకెళ్లి లివర్ స్కాన్‌లు చూసే అలవాటున్న రేడియాలజిస్టుతో చదివించండి. మళ్లీ స్కాన్ అక్కర్లేదు, ఉన్న బొమ్మల్ని మళ్లీ చూస్తే చాలు. కడుపు అల్ట్రాసౌండ్ ఒక్కటే తీసి ఉంటే మాత్రం సీటీ తప్పదు.

రెండో సంగతి, మధ్యాహ్నం ఆ రెండు గంటల పడక. టీ కొట్టు దాకా నడిచి వచ్చి, పనులు తానే చేసుకుంటూ, పగలు సగానికి పైగా లేచి తిరిగే మనిషికి ఓపిక స్కోరు 1 గానీ 2 గానీ ఇస్తారు. పగలు సగానికి పైగా మంచం మీదే ఉంటే 3, లేవలేకపోతే 4. 3, 4 అంటే కణితి ఎంత చిన్నదైనా చివరి దశ కిందే లెక్క. అయితే మనిషి ఎందుకు పడుకుంటున్నాడో అడగకుండా ఈ మార్కు వేయకూడదు. పొట్టలో నీరుకు ఇన్‌ఫెక్షన్ సోకినా, సోడియం పడిపోయినా, రక్తం తగ్గినా, మలబద్ధకం వల్ల మెదడు మందగించినా మనిషి మంచం పడతాడు. అవన్నీ దిద్దుకోగలిగినవే. దిద్దకుండా "క్యాన్సర్ కదా, అంతే" అని వదిలేసే ఇళ్లలోనే ఆ మూడు నెలలు మూడు వారాలవుతాయి.

అందుకే మీ అన్నయ్యకు మా మాటగా చెప్పండి: క్యాన్సర్ మందు వద్దనుకోవడం వేరు, ఏ మందూ వద్దనడం వేరు. మొదటిది ఆలోచించి తీసుకునే నిర్ణయం కావచ్చు. రెండోదాంతోనే అసలు హింస మొదలవుతుంది.

హెపటైటిస్ బి పాజిటివ్ అని రాశారు, మాత్ర మొదలుపెట్టారని రాయలేదు. ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ రోజుకు ఒక్కటి, కిడ్నీ పరీక్ష చూసి డాక్టర్ మోతాదు నిర్ణయిస్తారు. వైరస్ చెలరేగుతున్న లివర్‌లో వాపు తగ్గితే కొన్ని వారాల్లో బిలిరుబిన్ కిందికి రావచ్చు. 2.4 కాస్తా 2 లోపుకొస్తే చైల్డ్–ప్యూ 8 నుంచి 7 అవుతుంది. క్యాన్సర్ వైద్యం గురించి మళ్లీ మాట్లాడుకోగలిగే తలుపు అక్కడ తెరుచుకుంటుంది. మొదలుపెట్టాక ఆపకూడదు, ఉన్నట్టుండి ఆపితే వైరస్ ఎగదన్నుతుంది. బిలిరుబిన్ పెరగడానికి పైత్య నాళం నొక్కుకుపోవడం కారణమా అన్నది కూడా స్కాన్‌లో చూడమనండి. అలా అయితే స్టెంట్ వేసి దించవచ్చు.

పొట్టలో నీరుకు మొదటి మందు ఉప్పు తగ్గించడం. రోజంతటికీ కలిపి 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక టీ చెంచా, వంటలోదీ పెరుగులోదీ అన్నీ కలిపి. గుంటూరు ఇంట్లో ఇది ఎంత కష్టమో తెలుసు. ఆవకాయ, గోంగూర పచ్చడి, వడియాలు, ఎండుచేపలు ఉన్న కంచంలో ఆ చెంచా మొదటి ముద్దలోనే అయిపోతుంది. కారం, నిమ్మరసం, కొత్తిమీర, మిరియాలతో రుచి తెప్పించండి, కారానికి అడ్డు లేదు. షాపుల్లో అమ్మే "తక్కువ సోడియం ఉప్పు" జోలికి వెళ్లకండి. అందులో పొటాషియం ఉంటుంది, నీరు తగ్గించే స్పైరనోలాక్టోన్ మాత్ర కూడా పొటాషియం పెంచుతుంది, రెండూ కలిస్తే గుండెకు ముప్పు. కొబ్బరి బొండాలు రోజూ తాగించడమూ అంతే.

స్పైరనోలాక్టోన్ 100, ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములతో మామూలుగా మొదలుపెడతారు. పొద్దున్నే దొడ్డికెళ్లొచ్చాక బరువు తూచి రాసి పెట్టండి. కాళ్ల వాపు లేనప్పుడు రోజుకు అరకిలో, ఉన్నప్పుడు కిలో మించి తగ్గకూడదు. అంతకంటే వేగంగా తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి, సోడియం పడిపోతుంది. వారానికోసారైనా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం చూడాలి. రేపు పొట్ట బిగిసి సూదితో నీరు తీయాల్సి వస్తే, 5 లీటర్లు దాటి తీసినప్పుడు లీటరుకు 8 గ్రాముల చొప్పున అల్బుమిన్ ఎక్కించాలి. 20 శాతం అల్బుమిన్ 100 మి.లీ. సీసాలో 20 గ్రాములుంటుంది. 6 లీటర్లు తీస్తే దాదాపు రెండున్నర సీసాలు. ఖరీదని మానేస్తే ఆ సాయంత్రానికి తేలిగ్గానే ఉంటుంది, తర్వాత రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోతుంది.

ఎండోస్కోపీ ఒకసారి చేయించండి. పోర్టల్ వెయిన్ మూసుకుంటే అన్నవాహిక సిరలు ఉబ్బుతాయి, పగిలితే గంటల్లో ప్రాణం మీదకొస్తుంది. ముందే బ్యాండ్లు వేయడమో, కార్వెడిలాల్ లాంటి మాత్ర ఇవ్వడమో చేస్తారు.

ఇక పథ్యం. పచ్చకామెర్లనగానే నూనె మానిపించి, పసుపు మానిపించి, చప్పిడి జావ, చెరకు రసం మీద పెట్టే అలవాటు మన జిల్లాల్లో ఇంకా పోలేదు. ఈ జబ్బులో అంతకంటే చేటు లేదు. పాడైన లివర్ చక్కెరను దాచుకోలేదు. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తుంటే కండ ఎలా కరుగుతుందో, ఈయనకు ఒక్క రాత్రి పస్తుకే అలా కరుగుతుంది. కండ పోతే ఓపిక పోతుంది, ఓపిక పోతే స్కోరు మారుతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోలకు 66 తక్కువ కాకుండా. రెండు గుడ్లు, అరలీటరు పాలో పెరుగో, గుప్పెడు కందిపప్పు, నాలుగు ముక్కల తాజా చేప కలిస్తే సుమారు 60 అవుతుంది, మిగతాది ఇడ్లీ, అన్నాల్లో వస్తుంది. ఒక్కసారిగా తినలేరు, ఆరు దఫాలు చేయండి. రాత్రి పది గంటలకు పాలల్లో అటుకులో, రెండు ఇడ్లీలో తప్పకుండా పెట్టండి. ఆ ఒక్క ముద్ద మిగతా రోజంతా చేసినదానికి కాపలా కాస్తుంది.

పసరు మందులు వద్దు. తిప్పతీగ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి, కిడ్నీలూ కడుపూ రెండూ చెడతాయి. పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు దాటకుండా ఇవ్వవచ్చు. అది చాలకపోతే మార్ఫిన్ తక్కువ మోతాదులో, ఎడం ఎక్కువ ఉంచి ఇస్తారు, భయపడాల్సిన మందు కాదు. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అల్‌ప్రజోలామ్ తెచ్చి వేయకండి, మత్తు దిగదు.

రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా లాక్టులోజ్ సిరప్ 15–30 మి.లీ. రెండు పూటలా ఇస్తారు. ఎక్కువై నీళ్ల విరేచనాలు పట్టుకున్నా మళ్లీ మతి తప్పుతుంది, అప్పుడు తగ్గించండి. మతి సంగతి ముందే కనిపెట్టడానికి ఒక చిన్న పని చేయండి: రోజూ పొద్దున పేపర్ రాగానే అంచు మీద సంతకం పెట్టమనండి, తేదీ వేసి దాచండి. జీవితమంతా చిట్టాలు రాసిన చెయ్యి కదా, తేడా ఇట్టే తెలిసిపోతుంది. అక్షరాలు వంకర్లు పోయిన రోజున, రెండు చేతులూ చాచి అరచేతులు పైకెత్తి ఆపమనండి. చేతులు పక్షి రెక్కల్లా టపటపా జారిపడుతుంటే లాక్టులోజ్ పెంచి, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. పగలు నిద్ర, రాత్రి మెలకువ కూడా తొలి గుర్తే.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, జ్వరంతో పొట్ట నొప్పి, కణితి ఉన్నచోట ఉన్నట్టుండి భరించలేని నొప్పితో కళ్లు తిరగడం, వీటిలో ఏదొచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. జ్వరముంటే పొట్టలో నీరు కొంచెం తీసి పరీక్షించాలి. న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) క్యూబిక్ మిల్లీమీటరుకు 250 దాటితే ఇన్‌ఫెక్షన్, ఇంజెక్షన్లతో తగ్గుతుంది.

ఎప్పుడు వారాల్లో లెక్కపెట్టాలి అంటారా: అడ్డంకి ఏదీ లేకుండా బిలిరుబిన్ పెరుగుతూ పోతుంటే, క్రియాటినిన్ ఎక్కి మూత్రం తగ్గితే, సోడియం 130 కిందే నిలబడిపోతే, పైన చెప్పిన దిద్దుబాట్లన్నీ చేశాక కూడా మంచం దిగకపోతే. చైల్డ్–ప్యూ 10కి చేరినా, దాటినా క్యాన్సర్ మందు మేలు కంటే కీడే చేస్తుంది. ఆ రోజు మీ అన్నయ్య మాటే సరైన మాట. ఈ రోజు మాత్రం ఇంకా కాదు. రెండు మూడు వారాలు పై పనులన్నీ చేసి, రక్త పరీక్షలు మళ్లీ చేయించి, మార్కులు మళ్లీ వేయండి. 7కి దిగితే మాత్రలో, ఇంజెక్షన్లో, రేడియేషనో పనికొస్తాయా అని అప్పుడు అడగండి. మంగళగిరి ఎయిమ్స్‌లోనో, గుంటూరు పెద్దాసుపత్రి నాట్కో క్యాన్సర్ విభాగంలోనో చూపించవచ్చు. ఆసుపత్రుల్లో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ దగ్గర రేషన్ కార్డు, ఆధార్ చూపించి ఏది వర్తిస్తుందో ముందే అడగండి.

ఇంకొక్కటి. వద్దన్నది మీ అన్నయ్య, బాబాయిలు. రోగిని ఎవరూ అడగలేదు. టీ కొట్టు దాకా తానే నడిచి వెళ్లే మనిషికి మతి సవ్యంగా ఉంది. ఆ మతి రేపు ఉంటుందో లేదో ఈ జబ్బులో చెప్పలేం, అందుకే ఆయనతో మాట్లాడాల్సింది ఇప్పుడే. జబ్బు పేరుతో మొదలుపెట్టనక్కర్లేదు. "నాన్నా, డాక్టర్ చెప్పింది మొత్తం నీకు చెప్పమంటావా, మమ్మల్నే చూసుకోమంటావా?" అని అడగండి. ఆయన ఏదంటే అది. బ్యాంకు కాగితాలు, పొలం పాసుపుస్తకం ఎక్కడున్నాయో చెప్పడం మొదలుపెడితే, ఆయనకు ఈపాటికే తెలుసని అర్థం.

చివరగా మీ అన్నయ్య, మీరు, మీ అమ్మగారు, మీ పిల్లలు అందరూ హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష (హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పేది) చేయించుకోండి. నెగటివ్ వచ్చినవాళ్లు, ఇదివరకు టీకా పడకపోతే, ఇప్పుడు ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలకు ఒకటి చొప్పున మూడు డోసులు వేయించుకోవాలి. పాజిటివ్ వచ్చినవాళ్లకు ఎప్పటి నుంచి, ఎన్నాళ్లకోసారి అల్ట్రాసౌండ్ కావాలో డాక్టర్ చెబుతారు. నలభై దాటిన మగవాళ్లకు సాధారణంగా ఆరు నెలలకోసారి. మీ అన్నయ్యకు మొదట చేయించండి.